ట్యూబు ఇయ్యవయ్యా!

సాయంత్రం పూట నరసరావుపేటలో ఏ మందుల షాపు ముందైనా ఓ పావుగంట నిలబడండి. ఒకడొచ్చి ఫోను తెరిచి అందులో ట్యూబు బొమ్మ చూపిస్తాడు. ఇంకొకడు అడుగంటా పిండేసిన పాత ట్యూబు జేబులోంచి తీసి కౌంటరు మీద పెడతాడు. మూడోవాడికి ఆ శ్రమ కూడా లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి చూపించి, "దీనికేదన్నా ట్యూబు ఇయ్యవయ్యా" అంటాడు. అది తామరా, గజ్జా, సోరియాసిసా అని అడిగే నాథుడు లేడు. అడిగితే బేరం పక్క షాపుకి పోతుందని కౌంటరులో కుర్రాడికి తెలుసు. డబ్బు తీసుకుంటాడు, ట్యూబు చేతిలో పెడతాడు, అయిపోయింది వైద్యం.

మా రోజుల్లో ట్యూబులెక్కడివి? మలాం ఉండేది. గురజాల, మాచర్ల చుట్టుపక్కల సర్కారీ ఆసుపత్రుల్లో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి, ఆ మలాం కలిపింది ఈ చేతులే. కోల్‌తార్ ఇంత, శాలిసిలిక్ యాసిడ్ ఇంత, జింక్ ఆక్సైడ్ ఇంత, తక్కినదంతా వాజలీన్ అని డాక్టరుగారు చీటీ రాసిచ్చేవారు. తక్కెడలో తూచుకుని, పింగాణీ పలక మీద వేసి, పలుకు తగలకుండా అయ్యేదాకా స్పాచులాతో నూరాలి. శాలిసిలిక్ యాసిడ్ పొలుసుల్ని మెత్తబరిచి ఊడదీస్తుంది. తారు దురదనీ, చర్మం ఎడాపెడా పెరిగే దూకుడునీ తగ్గిస్తుంది. నా గోళ్ళ సందుల్లో నలుపు ఆదివారం కూడా వదిలేది కాదు. ఆ చేత్తో అన్నం కలుపుకోవద్దని మా ఆవిడ చెంచా తెచ్చి కంచం పక్కన పెట్టేది. రోగులు సీసాలు వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. పాత పంచె, పాత దుప్పటి వేరుగా పెట్టుకోమని మరీ మరీ చెప్పి పంపేవాళ్ళం, ఎందుకంటే ఆ మరకకి ఏ చాకిరేవులోనూ మందు లేదు. వాసన సరేసరి. బస్సెక్కితే పక్క సీటు దానంతటదే ఖాళీ అయ్యేది.

మలాం రాసుకుని కాసేపు ఎండలో కూర్చోమనేవారు డాక్టరుగారు. అదేదో పల్లెటూరి చిట్కా అనుకునేరు. 1925లో అమెరికాలో మేయో క్లినిక్‌లో గోకర్‌మన్ అనే డాక్టరు తారు పూసి, ఆపైన అతినీలలోహిత కిరణాల దీపం పట్టి సోరియాసిస్‌ని అణిచి చూపించాడు. ప్రపంచమంతా దశాబ్దాల తరబడి ఆ పద్ధతే నడిచింది. మా ఆసుపత్రిలో ఆ దీపం ఎక్కడిది? మాకు రెంటచింతల ఎండ ఉంది. రాష్ట్రంలో ఎక్కడెక్కడ మాడిపోతోందో పేపర్లో వేసినప్పుడల్లా ముందు వరసలో ఉండే ఊరు అది. కరెంటు బిల్లు లేని దీపం. కాకపోతే దానికి మీట ఉండదు. నిమిషాల లెక్కన కూర్చోమంటే పత్తి చేలో పొద్దంతా నిలబడి, ఒళ్ళు కమిలి, పాతవాటి పక్కన కొత్త మచ్చలు తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఈ జబ్బుకో పాడు గుణం ఉంది. చర్మానికి దెబ్బ తగిలినా, గీరుకుపోయినా, కమిలినా సరిగ్గా అక్కడే కొత్త మచ్చ పుట్టుకొస్తుంది. జర్మనీ డాక్టరు కోబ్నర్ ఆ సంగతి 19వ శతాబ్దంలోనే పట్టుకున్నాడు. పత్తికాయల మొనలు చేతులు గీరే మా ఊళ్ళకి ఆయన చెప్పకపోయినా తెలుసు.

ఇంతకీ జబ్బేమిటో చెప్పకుండా మలాం దగ్గరే నిలబడిపోయాను. మామూలు మనిషి చర్మంలో అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి నెల రోజులు పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట మూడు నుంచి అయిదు రోజుల్లోనే వచ్చి పడుతుంది. నెలకి పండాల్సిన పంటని నాలుగో రోజునే కోసి కుప్ప వేస్తే ఎట్టా ఉంటుందో అట్టా, పండీ పండని కణాలు తెల్లటి పొలుసులుగా పేరుకుపోతాయి. ఒంటిని కాయాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి చర్మాన్ని తొందరపెట్టడం వల్ల వచ్చే తంటా ఇది. క్రిమి కాదు, మురికి కాదు, రక్తం చెడిపోవడం అంతకన్నా కాదు. ముట్టుకుంటే అంటదు.

అంటదని చెప్పడానికే మా డాక్టరుగారికి సగం ఉద్యోగం సరిపోయేది. పొలుసు రాలే ఏ మచ్చని చూసినా జనానికి కుష్టేమోనని అనుమానం. ఆయన దూదిని పురిపెట్టి, రోగిని కళ్ళు మూసుకోమని, మచ్చ మీద తాకించి "తెలుస్తోందా?" అని అడిగేవారు. కుష్టు మచ్చకి స్పర్శ పోతుంది, దీనికి పోదు. ఆ పరీక్ష ఇంటివాళ్ళ ఎదురుగానే, వాళ్ళకి వినపడేట్టు చేసేవారు. వైద్యులు కూడా వెయ్యేళ్ళకి పైగా ఈ రెంటినీ కలగలిపి ఏడిచినవాళ్ళే. 1841లో వియన్నాలో హెబ్రా అనే ఆయన ఇది వేరు, అది వేరు అని తేల్చేదాకా సోరియాసిస్ ఉన్న ఎంతమందిని కుష్టువాళ్ళతో కలిపి ఊరవతల పెట్టారో దేవుడికెరుక.

మా పల్నాడు బ్రహ్మనాయుడి గడ్డ అని రొమ్ము విరుచుకుంటాం. కులాలన్నిటినీ ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని చెప్పుకుంటాం. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలప్పుడు ఇప్పటికీ ఆ చాపకూడు నడుస్తుంది. ఆ చాపకూడు తిన్న మనిషే మర్నాడు పెళ్ళి భోజనంలో పక్కవాడి మోచేతి మీద పొలుసులు చూసి, కంచం పట్టుకుని నాలుగు కుర్చీలు అవతలికి పోతాడు. ఇందులో ఆ రోజులకీ ఈ రోజులకీ తేడా ఏమీ లేదు. అప్పట్లో మొహం మీదే అనేవాళ్ళు, ఇప్పుడు ఫోను వచ్చినట్టు నటిస్తూ లేచిపోతున్నారు. మంగలి షాపులోనూ అదే తంతు. తలలో పొలుసులుంటే చుండ్రని సరిపెట్టుకునేవాడు ఒకడు, వద్దని పంపేసేవాడు ఇంకొకడు.

పాతదంతా బంగారమని నేననను. మలాం కలిపినవాణ్ణి కాబట్టి దాని తాహతు నాకు తెలుసు. అప్పటి నాటువైద్యులు పెట్టిన పథ్యాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వంకాయ వద్దు, ఎండుచేప వద్దు, మాంసం వద్దు, ఆఖరికి పల్నాటి మనిషిని గోంగూర మానమన్నారు! గోంగూరకీ ఈ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. ఒళ్ళు తగ్గితే జబ్బు తగ్గుముఖం పడుతుంది, తాగుడూ చుట్టా మానితే మంచిది, అంతవరకే నిజం. ఆ ముక్క చెబితే మాత్రం ఎవడికీ రుచించదు. గోంగూర మానతాడు గానీ గ్లాసు మానడు.

ఇంగ్లీషు వైద్యం కూడా తక్కువ తినలేదు. 1786 నాటి ఫౌలర్ ద్రావణమని ఒకటుండేది, పాషాణం కలిపిన నీళ్ళు. దాన్ని చుక్కల లెక్కన సోరియాసిస్‌కి తాగించారు. మచ్చలు తగ్గేవి కూడా. ఏళ్ళు గడిచాక అరిచేతుల్లో కాయలు కాసి, చర్మ కాన్సర్లు వస్తే అప్పుడు తెలిసింది అసలు ఖరీదు. ఇంకొకటి గోవా పొడి. పేరుకి గోవాదే గానీ పుట్టిల్లు బ్రెజిల్, అక్కడి అరరోబా చెట్టు మానులోంచి తీసిన పొడి. పోర్చుగీసు ఓడల్లో గోవాకి వచ్చి, బొంబాయిలో తామరకి అమ్ముడుపోయింది. 1870లలో లండన్ డాక్టరు బాల్మనో స్క్వయర్ దాన్ని సోరియాసిస్ మీద పెట్టి గుణం చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి జర్మన్లు దానికి బదులు డైత్రనాల్ తయారు చేసుకున్నారు. పట్టు తప్పి మంచి చర్మం మీద పడిందా, కాల్చి ఊదారంగు మచ్చ పెడుతుంది. దానితో పోలిస్తే మా తారు సాధువు.

సరే, స్టెరాయిడ్లకొద్దాం. నా కోపమంతా అక్కడే ఉంది. 1952లో హైడ్రోకార్టిజోన్ మలాం చర్మానికి పనికొస్తుందని తేలింది. ఆ తర్వాత ఒకదాన్ని మించి ఒకటి ఘాటైనవి వచ్చాయి. తెల్లటి క్రీము, వాసన లేదు, మరక లేదు, నాలుగు రోజుల్లో ఎరుపు మాయం. మేం పలక మీద నూరుతున్న మలాం మొహం ఎవడు చూస్తాడు? మందు చెడ్డదని నేననడంలేదు. ఎక్కడ రాయాలో, ఎన్నాళ్ళు రాయాలో, ఎట్టా తగ్గించుకుంటూ రావాలో డాక్టరు చెప్పి రాస్తే ఇవాళ్టికీ సోరియాసిస్ వైద్యంలో ముందు నిలబడేది అదే. ఇప్పుడు దానికి జతగా విటమిన్ డి నుంచి పుట్టిన కాల్సిపోట్రియాల్ కూడా ఉంది, రెండూ కలిపిన మందూ ఉంది. కానీ మావాళ్ళు దాన్ని కొబ్బరినూనె రాసినట్టు రాస్తున్నారు! మొహానికి, గజ్జల్లో, నెలల తరబడి. చర్మం పలచబడి లోపలి రక్తనాళాలు కనపడతాయి, ఒంటిమీద చారలు పడతాయి. మానేస్తే జబ్బు రెండింతలై తిరిగొస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇట్టాంటి పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మా పేటలో ఆ కబురు అందని షాపులు ఇంకా ఉన్నాయి మరి.

ట్యూబు కన్నా సూది ఇంకా ప్రమాదం. ఊళ్ళో ఆరెంపీ ఒక సూది పొడుస్తాడు. మూడో రోజుకి ఒళ్ళంతా నున్నగా అయిపోతుంది. ఊరంతా ఆయన హస్తవాసి గొప్పదంటారు. ఆ సూదిలో ఉన్నది స్టెరాయిడ్. దాని బలం దిగిపోయాక జబ్బు విరుచుకుపడుతుంది. కొందరికి చీము పొక్కులు లేస్తాయి. ఇంకొందరికి తల నుంచి పాదాల దాకా ఎర్రబారి, చర్మం రేకులు రేకులుగా ఊడి, ఒంట్లో వేడి నిలవక, నీరు నిలవక వణుకుతూ వస్తారు. అట్టాంటివాళ్ళని జీపులో వేసి గుంటూరు పెద్దాసుపత్రికి పంపించిన రోజులు నాకు గుర్తే. పసరు మందని, భస్మమని పొట్లాలు కట్టి ఇచ్చేవాటిలోనూ స్టెరాయిడ్ పొడి కలిపే ఘనులున్నారు. గోడల మీద, బస్సుల వెనక 'సోరియాసిస్‌కు శాశ్వత పరిష్కారం' అని రాసుండేది ఎక్కువగా ఇట్టాంటి వ్యాపారమే. మా డాక్టరుగారు మొదటి రోజునే తేల్చి చెప్పేవారు: "ఇది పోయే జబ్బు కాదు నాయనా, అణిగి ఉండే జబ్బు. షుగరుతో, బీపీతో బతకడం లేదూ? అట్టాగే." ఆ మాట విని ఏడ్చినవాళ్ళు ఏడ్చారు గానీ, తర్వాత దారితప్పలేదు.

ఇప్పుడొక మాట చెబుతాను. అణిచి ఉంచే మందుల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డది, కొద్ది రూపాయల్లో దొరికేది, మన తెలుగువాడి చలవ. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా పోయి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించారు. ఒంట్లో కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్‌ని ఆయన బృందం 1940లలో తయారు చేసింది. దాని వెనకే, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందుల్నీ తయారు చేసింది. అందులో అమైనోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకాన్సరుకి వాడి చూశాడు. దాని తమ్ముడే నేను చెబుతున్న మెథోట్రెక్సేట్. 1951లో గబ్నర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు అమైనోప్టెరిన్‌ని కీళ్ళవాతానికి ఇస్తుంటే సోరియాసిస్ మచ్చలు కూడా మాయమవడం కనిపెట్టారు. పరుగులు పెట్టే కణాన్ని ఆపే మందు, పరుగులు పెట్టే చర్మాన్ని మాత్రం ఎందుకు ఆపదు? అది చూడటానికి సుబ్బారావుగారు లేరు. 1948లోనే, 53 ఏళ్ళకే పోయారు. మాత్ర ఆయన బృందానిది. ఆ మాత్ర చేసే చెరుపు తగ్గడానికి జతగా ఇచ్చే ఫోలిక్ యాసిడూ ఆ బృందం తయారు చేసి చూపించిందే. సినిమా హీరోకి పాలాభిషేకాలు చేసే కుర్రాళ్ళకి ఈ పేరు చెబితే "ఏ సినిమాలో తాతా?" అంటారు.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఈ వాక్యాన్ని అచ్చువేసి ఆసుపత్రి గోడలన్నిటికీ అంటించాలని నాకుండేది. గుంటూరులో రాయించుకొచ్చినవాళ్ళకి మాత్రలు కాగితం కవర్లో పోసి, కవరు మీద పెద్దక్షరాలతో 'ఆదివారం మాత్రమే' అని రాసిచ్చేవాణ్ణి. చదువు రానివాళ్ళకి వాళ్ళ ఊరి సంత రోజుతో ముడిపెట్టి చెప్పేవాణ్ణి. ఒకామె త్వరగా తగ్గుతుందని రోజుకొకటి మింగింది. నోరంతా పుండ్లు పడి, మంచినీళ్ళు కూడా దిగక వచ్చింది. రక్తకణాలు పడిపోయి ప్రాణం పోయే ప్రమాదం అది. ఆ మాత్ర వాడేవాళ్ళు రక్తపరీక్ష, లివరు పరీక్ష చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి. మందు కొట్టకూడదు. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్ళయితే అసలు ముట్టకూడదు. పెళ్ళి కావలసిన మగవాళ్ళు కూడా పిల్లల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఇప్పటివాళ్ళు ఇవేవీ చేయరు గానీ, ఫోనులో వెతికి "ఇది కాన్సరు మందంట, నాకొద్దు" అని మాత్ర పారేసి, రోజూ ఘాటు స్టెరాయిడ్ పూసుకుంటారు. ఆ తెలివికి ఏ బిరుదివ్వాలో నాకు తెలియదు.

వెలుగు వైద్యం మూలాలు మనవైపు కూడా ఉన్నాయి. బావంచాలు తెలుసుగా, బొల్లి మచ్చలకి మనవాళ్ళు ఎప్పటినుంచో వాడే గింజలు. వాటిలో ఉండే సోరాలెన్ చర్మాన్ని వెలుగుకి లొంగదీస్తుంది. 1974లో బోస్టన్ డాక్టర్లు సోరాలెన్ మాత్ర వేసి, పెట్టెలో నిలబెట్టి, కిరణాలు పట్టి సోరియాసిస్‌ని తగ్గించారు. ఇప్పుడు మాత్ర అక్కర్లేకుండా 311 నానోమీటర్ల కిరణం ఒక్కదాన్నే వాడుతున్నారు. గర్భిణులకీ ఇవ్వొచ్చు, మంచి వైద్యం. చిక్కల్లా వారానికి రెండు మూడు సార్లు పోవాలి, నెలల తరబడి పోవాలి. మాచర్ల నుంచి గుంటూరు దాదాపు 120 కిలోమీటర్లు. మిరపకాయలు కళ్ళంలో పెట్టుకున్నవాడు వారానికి మూడు సార్లు బస్సెక్కి పోయి, రెండు నిమిషాలు దీపం ముందు నిలబడి రాగలడా? పల్నాడు జిల్లా అని 2022లో వేరే జిల్లా ఇచ్చారు, సంతోషం. దీపం పెట్టె మాచర్ల దాకా వస్తే ఇంకా సంతోషిస్తాను.

ఇక బయలాజిక్ ఇంజెక్షన్లు. ఇక్కడ మాత్రం నేను నోరు తెరిచి చూస్తుండిపోయినవాణ్ణే. చర్మాన్ని తొందరపెట్టే సంకేతం ఏదో పట్టుకుని, దాన్నొక్కదాన్నే ఆపుతాయట. అడాలిముమాబ్‌కి ప్రపంచంలోనే మొదటి నకలు మందు 2014 డిసెంబరులో మన దేశంలోనే, జైడస్ వాళ్ళు తెచ్చారు. అంతకు ముందు ఏడే బెంగుళూరు బయోకాన్ ఇటోలిజుమాబ్ తెచ్చింది. తర్వాత సెకుకినుమాబ్ లాంటివి వచ్చాయి. తలనుంచి కాళ్ళదాకా పొలుసులతో ఉన్న మనిషి కొన్ని నెలల్లో నున్నగా తయారవడం నా కళ్ళతో చూశాను. మా కాలంలో అయితే తిరుపతి వెంకన్న మహిమ అనేవాళ్ళం. ఖరీదు వింటే మాత్రం మళ్ళీ వెంకన్నే దిక్కు. పైగా ఇవి మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేయించాలి. మన దేశంలో ఎందరి ఊపిరితిత్తుల్లోనో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. ముఖ్యంగా అడాలిముమాబ్ లాంటివి ఇచ్చినప్పుడు అది లేచి కూర్చుంటుంది. పరీక్ష అనగానే "డబ్బులు గుంజడానికే" అంటారు. మరి ఇంజెక్షనుకి అన్ని వేలు పెట్టినప్పుడు అనిపించలేదా?

ఇంకొక సంగతి మేం అప్పట్లో సరిగా కలిపి చూడలేదు. చర్మానికి మలాం ఒకరు, కీళ్ళనొప్పులకి మాత్రలు ఇంకొకరు ఇచ్చేవాళ్ళం. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో కొందరికి కీళ్ళు కూడా పట్టుకుంటాయి. గోళ్ళ మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు పడితే, పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుంటే, ఒక వేలు మొత్తంగా వాచితే ఆలస్యం చెయ్యకూడదు. కీలు వంకరపోయాక ఏ ఇంజెక్షనూ దాన్ని సరిచెయ్యలేదు. ఇప్పటి డాక్టర్లు గోళ్ళు చూస్తున్నారు, ఆ విషయంలో వాళ్ళకి దండం పెడతాను. చూపించుకునేవాడు మాత్రం గోళ్ళకి రంగు వేసుకొచ్చో, పది రోజులకి డాక్టర్ని మార్చేసో ఆ అవకాశం ఇవ్వడంలేదు. తారు మలాంకి కూడా వారాలు పట్టేది. మెథోట్రెక్సేట్ గుణం చూపించడానికి రెండు నెలలు పడుతుంది. రెండు వారాలకే "పనిచెయ్యడంలేదు" అని చీటీ చించేసేవాడికి ఏ కాలపు మందు మాత్రం ఏం చేస్తుంది?

మొన్న మా బంధువుల కుర్రాడు వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం, మోచేతులకీ నడుముకీ సోరియాసిస్. మాఘంలో ముహూర్తం. "ఆ ఖరీదు ఇంజెక్షన్ పొడిపించుకుంటే పెళ్ళినాటికి తగ్గుద్దా తాతా?" అని అడిగాడు.

"టీబీ పరీక్ష చేయించావా?"

"ఇంకా లేదు."

"పిల్లకి చెప్పావా?"

"ఫుల్ హ్యాండ్స్ కుర్తా కుట్టిస్తున్నాలే తాతా. ఫొటోల్లో పడదు."

"తలంబ్రాలు పోసేటప్పుడు చేతులెత్తాలి కదరా. చెయ్యెత్తితే చొక్కా చెయ్యి జారుద్ది. ముందే చెప్పెయ్. అంటేది కాదని కూడా చెప్పు."

గొణుక్కుంటూ పోయాడు గానీ, చెప్పాడట. ఆ అమ్మాయి నర్సింగు చదివిందట. "ఇప్పుడేం వాడుతున్నావు? లివరు పరీక్ష ఎప్పుడు చేయించావు?" అని అడిగిందట. రెంటికీ జవాబు తెలియక వీడు నాకు ఫోను చేశాడు, అదీ రాత్రి పదకొండింటికి. అప్పుడు కళ్ళజోడు వెతుక్కుని, ఫోటో తీసి పంపించిన చీటీ చదివి చెప్పాల్సి వచ్చింది. డాక్టరు వారానికొకసారి అని రాస్తే, వీడు గుర్తొచ్చినప్పుడల్లా వేసుకుంటున్నాడు.